ఉప్పు లేని తడి

కుళాయి నీళ్ళకు వాసన ఉండదు.

ప్రతి బాస్కెట్‌బాల్ కోర్టు వెనకా ఒక కుళాయి ఉంటుంది. మ్యాచ్ అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, నేను ఆ కుళాయి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. జెర్సీ విప్పి నీళ్ళ కింద పెట్టేవాణ్ణి. చంకల దగ్గర ఎక్కువ. వీపు మీద ఇంకొంచెం ఎక్కువ. ఛాతీ మీద అక్కడక్కడ... చెమట పట్టినట్టు. ఎక్కడ ఎంత పడుతుందో నాకు బాగా తెలుసు. మూడేళ్ళు మిగతావాళ్ళ వీపులు చూస్తూ కూర్చున్నవాణ్ణి.

తడిపి, పిండి, సంచిలో కుక్కి ఇంటికి తెచ్చేవాణ్ణి.

నాన్న దాన్ని తీసి ఉతికేవాడు.

ప్రతిసారీ.

*

టీమ్‌లో నన్ను తువ్వాలు అంటారు.

ఆట మధ్యలో ఆగినప్పుడల్లా తువ్వాళ్ళు అందించేది నేనే. మొదట్లో ఏడిపించడానికి అన్నారు. నేను పలికాను. పలికితే ఇంకేముంది, అదే ఖాయమైపోయింది. కోచ్ సార్‌కు నా అసలు పేరు గుర్తుందో లేదో నాకు అనుమానమే.

బెంచీ మీద చివరి చోటు నాది. అక్కడ చెక్క నున్నగా అరిగింది. మూడేళ్ళలో కాలేజీకి నేను చేసిన సేవ అదొక్కటే అనుకుంటాను.

ఆట రాక కాదు. తెల్లవారగానే అందరికంటే ముందు కోర్టులో ఉండేవాణ్ణి. ఖాళీ కోర్టులో బంతి చప్పుడు గుండె చప్పుడులా వినిపిస్తుంది. రోజుకు మూడు వందల షాట్లు. ఎడమ మూల నుంచి వేస్తే నాది తప్పడం అరుదు. చూసేవాళ్ళు ఉండరు కాబట్టి ఆ మాట మీరు నమ్మాల్సిందే.

"బాగా వేస్తున్నావురా," అనేవాడు కోచ్ సార్.

"మ్యాచ్‌లో దింపుతారా సార్?"

"చూద్దాం."

చూద్దాం...

కాదన్నా బాగుండేది. ఇంటికెళ్ళి ఒక పూట ఏడ్చి, మర్నాటి నుంచి అందరిలా బతికేవాణ్ణి. చూద్దాం అనే మాట మబ్బు లాంటిది. కురవదు. పోదు. నెత్తి మీదే ఉంటుంది. దాని కింద మూడేళ్ళు గొడుగు తెరవకుండా నిలబడ్డాను.

*

నాన్న ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు.

ఎనిమిది అంతస్తులు. చిన్న స్టూలు మీద కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పైకీ కిందికీ... ఎక్కడికీ వెళ్ళకుండా. రెండేళ్ళుగా ఆయన కళ్ళకు శుక్లాలు కమ్ముతున్నాయి. ఆపరేషన్ ఇదిగో అదిగో అని వాయిదా పడుతోంది. మనుషులు మసకగా ఆనుతారు. అంకెలు మాత్రం, పెద్దవైతే, పోల్చుకుంటాడు. నా జెర్సీ మీద పద్నాలుగు చూసి మొదటి రోజే నవ్వాడు.

"మా లిఫ్టు ఎనిమిది దాకానే. నీ నంబరు దాకా రాదురా."

ప్రతి మ్యాచ్ రోజూ ఒకటే ప్రశ్న.

"ఇవాళ ఎంతసేపు ఆడావు?"

"కాసేపు."

ఒక్క నిమిషం కూడా ఆడలేదని చెప్పడానికి నోరు రాలేదు. చాలాసేపు అనడానికి సిగ్గేసింది. మధ్యలో దొరికిన మాట అది. ఆ కాసేపును నాన్న లిఫ్టులో ఎక్కించుకుని ఎనిమిది అంతస్తులూ తిప్పాడు. ఒకసారి ఆయనకు మందుల చీటీ ఇవ్వడానికి వెళితే, ఆరో అంతస్తు నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి, "కాసేపు ఆడే అబ్బాయివి నువ్వేనా?" అంది.

నేనే అన్నాను. ఏం చేస్తాను.

నాన్నకు ఇంకో అలవాటుంది. చిన్నప్పుడు నేను వీధిలో ఆడి ఇంటికి రాగానే, ఇంకో మాట లేకుండా నా చొక్కా కాలరు లోపలికి చెయ్యి పోనిచ్చి వీపు తడిమేవాడు. చెమట ఉంటే తువ్వాలు అందుకుని తుడిచేవాడు. అమ్మ పోయాక మొదలైంది ఆ అలవాటు. ఆమె చేసే పనే అది.

నేను కాలేజీలో చేరాక మానేశాడు. పెద్దవాణ్ణయ్యానని అనుకున్నాను.

*

చివరి ఏడాది, చివరి మ్యాచ్.

"సెలవు పెట్టాను. వస్తున్నాను," అన్నాడు నాన్న.

"అంత దూరం ఎందుకు నాన్నా? ఎండ కూడా..."

"మబ్బుగానే ఉందిగా."

నిజమే. వారం నుంచి మబ్బు పట్టి ఉంది. ఒక్క చినుకు లేదు. గాలి లేదు. మనుషులు ఊరికే చెమటలు కక్కుతున్నారు, నేను తప్ప.

మెట్ల మీద, పై వరసలో కూర్చోబెట్టాను. "ముఖాలు ఆనకపోయినా పర్లేదురా, నంబరు కనబడితే చాలు," అన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

నేను వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను. జెర్సీ మీద జాకెట్టు. మెడ దాకా జిప్పు.

మొదటి సగం గడిచింది. తువ్వాళ్ళు అందించాను. సీసాలు అందించాను. పైకి చూడలేదు. అక్కడ ఒక మనిషి పరిగెత్తే వీపులన్నింటినీ వెతుకుతున్నాడు... పద్నాలుగు కోసం.

రెండో సగం మొదలైన కాసేపటికి మా కెప్టెన్‌కు ఎవరిదో మోచెయ్యి తగిలింది. ముక్కు నుంచి రక్తం. ఏడో నంబరు జెర్సీ ముందంతా ఎర్రగా అయింది. రిఫరీ ఆట ఆపాడు.

"రక్తం ఉన్న జెర్సీతో ఆడకూడదు. మార్చుకో, లేదంటే బయట కూర్చో."

అదనపు జెర్సీల సంచి మా కాలేజీలోనే, తాళం వేసిన గదిలో ఉండిపోయింది. కోచ్ సార్ తల పట్టుకున్నాడు. కెప్టెన్ లేకపోతే ఆ మ్యాచ్ మీద ఆశ లేదు. అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

నన్ను ఎవరూ అడగలేదు.

నేనే జిప్పు కిందికి లాగాను. నేనే విప్పాను. నేనే ఇచ్చాను. పెద్దగా ఆలోచించింది కూడా లేదు. తువ్వాలు అందించినట్టే అందించాను. చెయ్యి దానికి అలవాటు పడిపోయింది.

"శభాష్ రా," అని కోచ్ సార్ నా భుజం తట్టాడు. మూడేళ్ళలో మొదటిసారి.

స్కోరు రాసే పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"పద్నాలుగో నంబరు అబ్బాయి వేరే కదా. అతను ఆడడా మరి?"

"ఆడడు సార్."

అన్నది నేనే.

ఆయన స్కేలు పెట్టి నా పేరు మీద నున్నగా గీత కొట్టాడు.

ఒట్టి ఒంటి మీద జాకెట్టు వేసుకున్నాను. మెడ దాకా జిప్పు లాగాను. కెప్టెన్ జెర్సీని కోర్టు వెనక కుళాయి దగ్గర బకెట్లో నానబెట్టి వచ్చాను. అది కూడా నన్ను ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చి కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది.

"పద్నాలుగూ...!"

నాన్న గొంతు. లిఫ్టులో అంతస్తులు పిలిచే గొంతు. నాలుగూ... ఐదూ... ఆరూ... అని సాగదీసే ఆ గొంతే.

"పద్నాలుగూ...!"

కోర్టు మీద నా నంబరు పరిగెడుతోంది. మెలికలు తిరుగుతోంది. ఎగురుతోంది. బంతి వల లోంచి జారినప్పుడల్లా పై వరసలో ఒక మనిషి లేచి నిలబడుతున్నాడు. పక్కవాళ్ళకు ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో నాకు వినబడక్కర్లేదు.

ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం... సంతోషించాను కూడా. హమ్మయ్య, గట్టెక్కాను అనుకున్నాను. ఇవాళ ఎంతసేపు అని అడగడు కదా అనుకున్నాను. ఆ సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

*

ఆఖరి నాలుగు నిమిషాలు.

మావాడొకడు అయిదో ఫౌల్‌తో ఆట నుంచి తప్పుకున్నాడు, వాడి బదులు వేరొకడు దిగాడు. ఆ వెంటనే ఇంకొకడు పిక్క పట్టేసి కూలబడ్డాడు. కోచ్ సార్ బెంచీ వైపు తిరిగాడు. ఆయన చూపు ఒక్కొక్కరి మీదుగా జరిగింది. జరిగి, జరిగి... చివరికి వచ్చింది.

ఆగింది.

ఆయన నన్ను నా అసలు పేరు పెట్టి పిలిచాడు.

గుర్తుంది. ఆయనకు నా పేరు గుర్తుంది.

"లే. దిగు. ఎడమ మూలలో నిలబడు, బంతి నీకే వస్తుంది."

లేచాను. చెయ్యి తనంతట తానే జిప్పు మీదికి పోయింది. ఎన్నిసార్లు కలగన్నానో ఆ జిప్పు లాగడం. రెండు వేళ్ళంత కిందికి లాగాను. లోపల చర్మం తగిలింది.

"సార్... జెర్సీ..."

ఆయన నన్ను చూశాడు. కోర్టు మీద పద్నాలుగును చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"అయ్యో," అన్నాడు.

మనస్ఫూర్తిగానే అన్నాడు. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. మరుక్షణం నా పక్కనున్న మొదటి ఏడాది కుర్రాడి వీపు తట్టి తోశాడు. వాడు జాకెట్టు విప్పుకుంటూ పరిగెత్తాడు. వాడి జెర్సీ వాడి ఒంటి మీదే ఉంది. ఆడతానన్న ఆశ ఉన్నవాడు జెర్సీ ఎందుకు ఇస్తాడు?

నేను జిప్పు పైకి లాక్కుని కూర్చున్నాను.

మూడేళ్ళు చూద్దాం అన్న మనిషి చూశాడు. ఆయన చూసే వేళకు నా పేరు నేనే కొట్టేసుకుని ఉన్నాను. స్కేలు పెట్టి, నున్నగా.

ఎడమ మూలకు బంతి వచ్చింది. ఆ కుర్రాడు వేశాడు. పడింది.

మేం గెలిచాం. అందరూ కోర్టు మీదికి ఉరికారు. పద్నాలుగో నంబరును భుజాల మీదికి ఎత్తుకున్నారు. పై వరసలో నాన్న రెండు చేతులూ తల మీదికెత్తి చప్పట్లు కొడుతున్నాడు.

కెప్టెన్ జెర్సీ విప్పి నా ఒళ్ళోకి విసిరాడు. "థాంక్స్ రా తువ్వాలూ!"

బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. పిండితే కారేలా ఉంది.

ఆ రోజు నాకు కుళాయితో పని లేకపోయింది.

*

గేటు దగ్గర నిలబడి ఉన్నాడు నాన్న. నా నడక చప్పుడు ఆయనకు తెలుసు. నేను చొక్కా మార్చుకుని దగ్గరికి రాకముందే ముఖం నా వైపు తిప్పాడు.

"చూశాన్రా," అన్నాడు.

నేను సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాను.

"ముందు సగం కూర్చోబెట్టాడేం నిన్ను? దించాక ఇంక ఆపినవాడెవడు! ఆరు బాస్కెట్లు. ఎక్కువేనేమో, కొన్ని నాకు ఆనలేదు. పక్కన కూర్చున్నాయనకు చెప్పాను, మావాడేనండీ అని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా."

చెప్పేద్దామనుకున్నాను. నాన్నా, అది నేను కాదు... నాలుగంటే నాలుగు మాటలు. నాలుక దాకా వచ్చాయి.

"నాన్నా," అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి జరిగింది. మెడ మీదికి. కాలరు లోపలికి... చిన్నప్పటిలా.

వీపు మీద ఆగింది.

పొడిగా ఉంది నా వీపు. గోడలా పొడిగా ఉంది.

ఆ చెయ్యి అక్కడే ఉంది. ఎంతసేపు... కాసేపు. వేళ్ళు ఒకసారి కదిలాయి. ఆయన కళ్ళు ఎటో మబ్బు వైపు ఉన్నాయి.

"గాలి బాగా ఉంది కదూ," అన్నాడు నాన్న మెల్లగా. "ఆరిపోయుంటుంది."

గేటు పక్క చెట్టు మీద ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

"ఊఁ," అన్నాను.

బస్సులో ఆయన మళ్ళీ ఆట మాట ఎత్తలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

*

ఇంటికొచ్చాక నాన్న సంచి తెరిచాడు. బకెట్లో నీళ్ళు పట్టి ఉన్నాయి. సబ్బు పక్కనే ఉంది. జెర్సీ బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు.

మసక కమ్మింది కళ్ళకు. ముక్కుకేమైంది?

మూడేళ్ళు. కుళాయి నీళ్ళలో తడిసిన జెర్సీని మూడేళ్ళు ఉతికాడు ఈ మనిషి. కాలరు రుద్దాడు. చంకలు రుద్దాడు. ఆరేసి, మడతపెట్టి, మళ్ళీ నా సంచిలో పెట్టాడు. ప్రతిసారీ ఎంతసేపు ఆడావని అడిగాడు. ప్రతిసారీ కాసేపు అన్నాను. అన్నిసార్లలో ఒక్కసారైనా...

అడగడానికి ముఖం చెల్లలేదు.

"ఇది ఇవాళ ఉతకనులే," అన్నాడు నాన్న. "ఉండనీ."

కిటికీ దగ్గర తాడు మీద అలాగే వేశాడు. అంకెలు బయటికి కనబడేలా సర్దాడు. వేలితో ఒకటిని తడిమాడు. నాలుగును తడిమాడు. లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"వీపు తుడుచుకో. జలుబు చేస్తుంది."

తుడుచుకున్నాను.

పొడి వీపును, ఆయన వింటుండగా, గట్టిగా, చాలాసేపు తుడుచుకున్నాను.

కిటికీ అవతల మబ్బు అలాగే ఉంది. కురవదు. పోదు. బకెట్లో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. వాటికి ఏ వాసనా లేదు.

గదిలో మాత్రం ఉంది. ఉప్పగా, ఘాటుగా, మూల మూలకీ ఉంది.

నాన్న కళ్ళు మూసుకుని దాన్ని పీలుస్తున్నాడు...