గుర్రం కాలు, మనిషి నడుము

నాకున్న పెద్ద భయం ఒక్కటే. నా భర్త బ్రోడీ ఏదో బాధను "ఏం లేదులే" అంటూ దాచుకుంటాడు, అది మమ్మల్ని ముంచేదాకా నాకు తెలియదు. పాప తుమ్మినా కంగారుపడే మనిషిని, ఇది మాత్రం కనిపెట్టలేకపోయాను.

ఆస్ట్రేలియాలో, ముర్రే నది ఒడ్డున మా ఊళ్ళో నోరీన్ టక్‌వెల్ గారి గుర్రపుశాలలో బ్రోడీ పనిచేస్తాడు. ఆ వసంతంలో అతను సాకే మర్టిల్ అనే ఆడగుర్రం పందెం గెలిచింది. గెలిచిన గుర్రానికి మూత్రపరీక్ష తప్పదు. బ్రోడీయే పక్కన నిలబడి ఈల వేశాడు. ఈల వింటే పోయడం మా గుర్రాలకు చిన్నప్పటి అలవాటు.

మూడు వారాలకు రేసుల అధికారులు కాగితం పంపారు. మర్టిల్ మూత్రంలో మనుషులు వాడే నొప్పిమందు ఉందట. డెబ్బై ఏళ్ళ నోరీన్ గారి లైసెన్సు పోయేలా ఉంది. బేకరీ దగ్గర అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి: "ముసలిది ఆఖరికి మందు పెట్టి గెలిచిందన్నమాట!"

తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ మందు పేరు నాకు నోరు తిరగలేదు. కానీ ఆ అక్షరాల్ని ఎక్కడో చూశాను. పాప గుడ్డల సంచీ అడుగున దొరికిన మాత్రల అట్టను కాగితం పక్కన పెట్టి, వేలితో ఒక్కో అక్షరం పోల్చుకున్నాను. అదే పేరు.

"ఇవెవరివి బ్రోడీ?"

"నావే. డాక్టరు రాసిచ్చినవే. చలికాలంలో గుర్రం మీంచి పడ్డాను కదా, నడుంనొప్పి తగ్గలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని..."

"మర్టిల్‌కి పెట్టావా?"

"పిచ్చా నీకు? నా బిడ్డలాంటిది అది!" అన్నవాడు ఠక్కున ఆగిపోయాడు. "షోనా... బాత్రూము ఆ చివరెక్కడో ఉంది. అంతదూరం నడవలేక దాని గదిలోనే, గడ్డి మీద పోసేవాణ్ణి. ఆ గడ్డే అది తింటుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"చెబితే నా పని పోతుందే."

"చెప్పకపోతే ఆవిడ పేరు పోతుంది. రేపు పాప అడిగితే ఏం చెబుతావ్?"

విచారణలో బ్రోడీ అందరి ముందూ చెప్పాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అధికారులు గడ్డిని పరీక్షకు పంపితే అతని మాట నిజమని తేలింది. గెలుపు రద్దయింది, జరిమానా పడింది, లైసెన్సు నిలిచింది. తీర్పు కాగితాన్ని దాచుకోకుండా ఊరంతా చదివేలా గేటుకు అంటించింది నోరీన్ గారే.

"పొమ్మంటే పోతాను బాస్," అన్నాడు బ్రోడీ.

"ఎక్కడికిరా పోయేది, దద్దమ్మా! పదిరోజులు ఇంట్లో పడుకో. నువ్వొచ్చేసరికి ఇక్కడే, శాల పక్కనే బాత్రూము కట్టిస్తా," అని ఆవిడ కాసేపు మర్టిల్ మెడ నిమిరింది. "రోజూ పొద్దున్నే ప్రతి గుర్రం కాలూ తడిమి చూస్తాను. నీ నడుమెలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. ఈ పరీక్ష లేకపోతే నాకు తెలిసేదే కాదు. దాచినచోటే మురుగు చేరుతుందిరా."

ఇప్పుడు అక్కడ ఎవరు ఏ మందు వాడుతున్నా గోడమీది పలక మీద రాస్తారు. రాసినందుకు ఎవరి పనీ పోలేదు. బ్రోడీ పేరే మొదటిది.

మీ వీధిలోనూ చీకటితోనే లేచి పనికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఇవాళే ఒకసారి వాళ్ళ తలుపు తట్టండి, నడుమెలా ఉందని అడగండి. "ఏం లేదులే" అంటే మాత్రం, దయచేసి, మళ్ళీ అడగండి.