గీత దాటిన ఆయిల్

ఘాట్ రోడ్డు ఎత్తు సగం ఎక్కేసరికి బండి డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. పొద్దున షెడ్డులో మిణుకుమిణుకుమన్నదే. ఇప్పుడు ఆరడం మానేసింది.

"మావయ్యా, లైటు చూడు" అన్నాడు బండి నడుపుతున్న మేనల్లుడు.

"చూశాలే. సెన్సరు వైరు వదులైంది. పోనీయ్."

చెడిపోయిన వాహనాల్ని లాగే ఆ టోయింగ్ బండి ఇంజనుని పోయిన నెల మేనమామే విప్పి బిగించాడు. దాన్నొక్క మాటంటే కన్నకూతుర్ని అన్నంత రోషం ఆయనకి. మేనల్లుడికి పని నేర్పిందీ ఆయనే కాబట్టి, వాడు ఆ మాట విని తొక్కుతూనే పోయాడు.

వెనక కొక్కేనికి ఒక చెడిపోయిన మినీ బస్సు ముందు చక్రాలు గాల్లో పెట్టుకుని వేలాడుతోంది. దాని వెనక కార్లు, స్కూటర్లు బారులు తీరి పాకుతున్నాయి. ఆయిల్ అందక ఇంజను పట్టేస్తే స్టీరింగు మొండికేస్తుంది, బ్రేకులు సరిగ్గా పట్టవు. అప్పుడా బస్సు బరువు తమని వెనక్కి ఈడ్చుకుపోతుంది.

"ఆపుతున్నా మావయ్యా."

"ఎత్తు మీద ఆపితే మళ్లీ లాగుతుందా? నోరు మూసుకుని తొక్కు!"

ఇంజను అడుగున టకటకమని సన్నటి చప్పుడు మొదలైంది. మేనమామ ముందుకు వంగి చెవి ఒగ్గాడు. ఆ చప్పుడు ఆయన చెవినా పడింది.

మలుపు దగ్గర రోడ్డు వెడల్పుగా, చదునుగా ఉంది. వాడు బండిని అంచుకు తీసి ఇంజను ఆపేశాడు. దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. వెనక బండ్లు హారన్లు మోగిస్తూ దాటిపోయాయి.

ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, మేనమామ ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల లాగి తుడిచి, మళ్లీ ముంచి తీశాడు.

"చూడు! పీకల దాకా ఉంది. సెన్సరేనని మొత్తుకుంటే విన్నావా?"

మేనల్లుడు పుల్ల అందుకున్నాడు. ఆయిల్ దాని మీది పై గీతని దాటి చాలా పైకి అంటింది.

"నువ్వు పోశావా మావయ్యా?"

"నేనెందుకు పోస్తాను?"

"నేనూ పొయ్యలేదు. మరి ఎలా పెరిగింది?"

మేనమామ ఆయిల్ చుక్కని వేళ్ల మధ్య రుద్దాడు. జిగట లేదు, నీళ్లలా జారింది. వాసన చూసిన ఆయన మొహం పాలిపోయింది.

"డీజిల్" అన్నాడు నెమ్మదిగా.

వాడు పనిముట్ల పెట్టెలోంచి ఆయిల్ ప్రెజరు మీటరు తీసి, సెన్సరు విప్పిన చోట బిగించి, ఒక్కసారి స్టార్టు చేశాడు. ముల్లు సున్నా దగ్గరే వణికింది. వెంటనే ఆపేశాడు. తప్పు వైరుది కాదు. డీజిల్ పంపులోని రబ్బరు సీలు చిరిగి డీజిల్ ఆయిల్లోకి దిగిపోతోంది. అంత పల్చబడ్డ ఆయిలుకి ప్రెజరు ఎక్కడిది?

"ఇంకో ఫర్లాంగు పోయుంటే..." మేనమామ మాట పూర్తి చెయ్యలేదు. లోయ వైపు చూసి, రోడ్డు పక్కనే కూలబడ్డాడు. "పోనీయమన్నాను కదరా నిన్ను!"

మేనల్లుడు మంచినీళ్ల సీసా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

తర్వాత ఫోను చేసింది మేనమామే. అదీ, ఒకప్పుడు భాగస్వామిగా ఉండి, గొడవపడి విడిపోయిన మనిషికి. ఆ పాత భాగస్వామి పెద్ద టోయింగ్ బండి వేసుకుని వచ్చి, దిగుతూనే పగలబడి నవ్వాడు.

"ఊరందరి బండ్లూ లాగేవాడివి, నిన్ను నేను లాగాలా?"

"లాగు బాబూ. ముందు బస్సుని దించి రా, తర్వాత మమ్మల్ని" అన్నాడు మేనమామ, రోషపడకుండా.

షెడ్డులో ఇంజను అడుగు విప్పి చూస్తే బేరింగుల మీద గీతలు పడ్డాయి. వాటిలో తిరిగే క్రాంకు ఇరుసు మాత్రం చెక్కుచెదరలేదు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

కొత్త సీలు తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టాడు మేనమామ.

"నువ్వు బిగించు. నేను స్పానర్లు అందిస్తా."