ఆల్డ్రిన్ అనుకున్న పీక్

నా సంతకం, అంటే పూర్ణచంద్రరావు సంతకం, పడితే ఇక తిరుగుండదని పదకొండేళ్లుగా నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. 1977లో పటమటలోని మా పురుగుమందుల ల్యాబులో జూనియర్ కెమిస్టు ఎలిజబెత్ నాకా గొప్ప వదిలించింది.

కంకిపాడు దగ్గర ఒక చెరువులో చేపలన్నీ చచ్చాయి. ఆల్డ్రిన్ అనే పురుగుమందు డబ్బా అందులో కడిగాడని పాలేరు శౌరయ్య మీద చెరువు ఆసాములు నింద వేసి, పనిలోంచి తీసేస్తామన్నారు. చెరువు బురద పరీక్షకు నా దగ్గరికి వచ్చింది. మా గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఒక్కో పదార్థం ఒక్కో నిమిషానికి బయటికొచ్చి, చార్టు కాగితం మీద కొండలాంటి పీక్ గీస్తుంది. సరిగ్గా ఆల్డ్రిన్ నిమిషానికే పీక్ వచ్చింది. రిపోర్టు రాసేశాను.

"ఈ పీక్ కాస్త లావుగా ఉంది సార్," అంది ఎలిజబెత్.

"లావైతే ఏంటమ్మా, టైము సరిపోయిందిగా."

"బురద కుళ్లిన గుడ్ల కంపు కొడతందండి. అందులో గంధకం కూడా అదే టైముకి వస్తుందేమో. ఒక్క పూట మిషన్ నాకివ్వండి."

విసుక్కుంటూనే ఇచ్చాను. ఆమె నమూనాలో అసలు ఆల్డ్రిన్ చుక్క కలిపి, ఓవెన్ వేడి తగ్గించి, నిదానంగా నడిపింది. పెన్ను పైకెక్కింది, సగం దిగింది, మళ్లీ ఎక్కింది. పీక్‌లు రెండు. ఒకటి ఆమె కలిపిన ఆల్డ్రిన్. రెండోది ఏమిటో తేల్చడానికి పాత ఫ్యాను రాగితీగని యాసిడ్‌తో కడిగి, ఏమీ కలపని చెరువు నమూనాలో వేసి కుదిపింది. రాగి గంధకాన్నే పడుతుంది, ఆల్డ్రిన్‌ని ముట్టదు; గంధకం పట్టి తీగ నల్లబడింది. ఆ నమూనానే మళ్లీ మిషన్‌కి ఎక్కిస్తే ఆల్డ్రిన్ నిమిషం వచ్చింది, వెళ్లింది, గీత కదల్లేదు.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ముచ్చటేసింది. ఆ పిల్ల ఓపిక ముందు నా పదకొండేళ్లు ఎందుకూ పనికిరాలేదు.

మర్నాడు శౌరయ్య వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కొత్త రిపోర్టు చదివి వినిపించాను: నమూనా నలభై ఆరులో ఆల్డ్రిన్ లేదు.

"నా పేరేదండీ అందులో?"

"పేర్లు రాయమయ్యా. నంబర్లే."

"ఊళ్లో నింద మాత్రం పేరెట్టే ఏశారండీ," అన్నాడు నెమ్మదిగా.

రూలు ఒప్పుకోదు. అయినా రిపోర్టు అడుగున పెన్నుతో రాశాను: "శౌరయ్య ఈ చెరువులో మందు కలపలేదు. మొదట తప్పు చదివినవాణ్ణి నేనే." కింద సంతకం పెట్టి, పైకి చదివాను.

శౌరయ్య కాగితం తీసుకుని నేరుగా మిషన్ పక్కనున్న ఎలిజబెత్ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఇందులో ఏం రాశారో ఓసారి నువ్వు చదివి చెప్పు."