దారాలత్త మోకాలి రంగు

దారాలత్త మోకాలు మూడు రోజుల్లో గుమ్మడికాయంత అయింది. ఒళ్ళు కాలిపోతోంది. అయినా ఆవిడ ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నది, తన దారాల కొట్లో నిచ్చెన ఎక్కబోయి కాలు మడత పడక పై అరలోని రీళ్ళన్నీ నెత్తిన పోసుకున్నాకే.

ఎముకల డాక్టరు మోకాల్లోంచి సూదితో నీరు తీసి ల్యాబు అమ్మాయి చేతికిచ్చారు.

"చీము పట్టిందో లేదో తేల్చమ్మా. పడితే ఈ పూటే కీలు తెరిచి కడగాలి. ఆలస్యం చేస్తే కీలే పాడవుతుంది. పట్టకపోతే కత్తి ముట్టుకోను."

పెద్ద ల్యాబుకు పంపితే జవాబు నాలుగు రోజులకు గానీ రాదు. కాగితం పట్టీ మీద చుక్క వేస్తే రెండు నిమిషాలు. ఆ పట్టీలు తెప్పించమని డాక్టరు వెంటపడింది ఈ అమ్మాయే. వాళ్ళింట్లో మొదటి డిగ్రీ ఆమెది. డబ్బా మీద ఉన్న ప్రతి అక్షరం రెండుసార్లు చదువుతుంది. ఆ రోజు హడావిడిలో ఒక్కసారే చదివింది.

మంచం పక్కనే చుక్క వేసి, రెండు నిమిషాలయ్యాక డబ్బా మీది రంగుల గళ్ళతో పోల్చి, "ముదురు ఊదా. చీముంది," అంది.

"ఇలా తే," అని దారాలత్త కళ్ళజోడు సర్దుకుంది. దర్జీలు తెచ్చిన గుడ్డముక్కలకు నలభై ఏళ్ళుగా దారం జత చేస్తున్న కళ్ళవి. "ట్యూబులైటు కింద ఎవరైనా రంగు చూస్తారటే? గుమ్మంలోకి తీసుకెళ్ళి చూపించందే నేను రీలు అమ్మను."

"అత్తయ్యా, అది గుడ్డ కాదు, మీ మోకాలు," అంది కోడలు.

"నా మోకాలు కాబట్టే చెప్తున్నా. పద."

చక్రాల కుర్చీ కదిలింది. కోడలు తోస్తుంటే, డాక్టరు వాచిన కాలు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచారు. ల్యాబు అమ్మాయి పట్టీని హారతిపళ్ళెంలా పట్టుకుని వెంట వచ్చింది.

ఎండ పడగానే దారాలత్త పెదవి విరిచింది. "చూశావా, ఎర్ర జీర. రెండు రంగులు కలిసిన సరుకిది. దీనికి జత నీ డబ్బా మీద లేదు."

ల్యాబు అమ్మాయి డబ్బా తిప్పి రెండోసారి చదివింది. నీటిలో రక్తం కలిస్తే ముందు మరలో గిర్రున తిప్పి, పైకి తేరినదే వాడాలని అక్కడ స్పష్టంగా రాసి ఉంది.

"తప్పు నాదే సార్. తిప్పకుండా వేశాను."

"నీది కాదులే, ట్యూబులైటుది," అంది దారాలత్త ఉదారంగా. "చీము లేదన్నమాట. కోడలా, కుర్చీ ఇంటివైపు తిప్పు."

"లేదని కాదత్తా, ఇంకా తెలీదని," అంది ల్యాబు అమ్మాయి.

మర అయిదు నిమిషాలు తిరిగింది. ఆ అయిదు నిమిషాలూ దారాలత్త డాక్టరుగారి కోటు పరిశీలించింది. "మూడో బొత్తానికి మీగడ తెలుపు వేశారు. కోటేమో సున్నం తెలుపు. ఎలా తిరుగుతున్నారు బాబూ నలుగురిలో?" డాక్టరు ఆ బొత్తాన్ని చేత్తో కప్పుకున్నారు.

తేరిన నీరు, కొత్త పట్టీ, గుమ్మంలో ఎండ. చుక్క వేశాక నలుగురూ వంగి చూశారు. పట్టీ లేతగా మొదలై, మెల్లగా ముదిరింది. రెండు నిమిషాలు కాగానే దారాలత్త దాన్ని ఒక్కో గడి పక్కనా జరిపి, చివరి గడి దగ్గర ఆగింది.

"ఊదానే," అంది. "ఏ వెలుతురులో చూసినా ఇదే జత. నాకు ఇష్టం లేదని రంగు మార్చి చెప్పలేను కదా."

"నాక్కూడా అదే కనిపిస్తోందత్తా," అంది ల్యాబు అమ్మాయి.

"కడిగితే నిచ్చెన ఎక్కుతానా బాబూ?"

"ఈ పూట కడిగితే ఎక్కే అవకాశం బాగుందమ్మా."

"అయితే కానివ్వండి."

కుర్చీ ఆపరేషను గది తలుపు దాకా వెళ్ళింది. అక్కడ దారాలత్త చక్రం గట్టిగా పట్టుకుంది.

"కుట్లకు ఏ రంగు దారం?"

"నలుపమ్మా."

"ఏ నలుపు?"

డాక్టరు విప్పని దారం ప్యాకెట్టు తెమ్మని ల్యాబు అమ్మాయికి సైగ చేసి, వాచిన కాలు మళ్ళీ రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. కుర్చీ ఎండ పడే గుమ్మంవైపు తిరిగింది.