మావిస్ గాలపు కర్ర

ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా లాగితే దారం తన ఒరిపిడికి తానే కాలిపోతుంది, చిన్నపిల్లలకు కూడా తెలుసు ఇది, తన భార్య మావిస్‌కీ తెలుసు, తెలిసీ కట్టలేదు, తెలియకపోతే క్షమించేవాడేమో, అనుకుంటూ వెర్లిన్ దారాన్ని పెదాల మధ్య తడిపి మెల్లగా లాగాడు, చుట్లు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి, మిగిలిన కొసను పళ్ళతో కొరికి ఉమ్మేశాడు, దక్షిణపు గాలి వదలకుండా వీస్తోంది, ఫిబ్రవరి చివర ఈ గాలి తిరిగిందంటే చలికాలమంతా లోతుల్లో పడుకున్న పెద్ద ఆడచేపలు కడుపునిండా గుడ్లతో పైకి కదులుతాయి, జలాశయం అడుగున పాత వాగు మలుపు దగ్గర కాసేపు ఆగుతాయి, ఇంకొన్నాళ్ళు పోతే గట్టు వారకు చేరి గూళ్ళలో గుడ్లు పెడతాయి, అప్పుడైతే దారినపోయేవాడు కూడా పట్టగలడు, ఇప్పుడు పట్టినవాడిదే పట్టడం, పైన్ చెట్ల వెనక ఇంకా ఎండ రాలేదు, మునిగిన వంతెన దిమ్మెలు నీళ్ళ పైకి రెండు దవడపళ్ళలా తేలి ఉన్నాయి, వాటి పక్కన ఓక్ మోడు, ఆ మోడు కింద ఉంది ఆ చేప, నాలుగేళ్ళుగా ఉంది, ఈ టెక్సస్ తూర్పు కొసలో ఎవడేమనుకున్నా సరే, ఉంది.

పడవ వెనక కుర్చీలో హోయిట్ కాఫీ జుర్రుతున్నాడు, జలాశయమంతా వినబడేట్టు, మావిస్ తమ్ముడు కాకపోతే వీణ్ణి పడవ ఎక్కించేవాడే కాదు, తన కర్ర మీద తనే కూర్చుని విరగ్గొట్టుకున్న ఘనుడు, నిన్న వచ్చి అడగకుండానే షెడ్డులోకి పోయి గోడకున్న అక్క కర్ర దించుకున్నాడు, ఇది ఊరికే వేలాడుతోందిగా బావా అన్నాడు, వద్దందామనుకుని ఊరుకున్నాడు, వద్దంటే ఎందుకో చెప్పాలి, సరే పోనీ అని ఆ కర్రను తనే సిద్ధం చేశాడు, ఇంకొకడి చేతి పని నమ్మలేడు, పాత దారం మొత్తం లాగి పారేసి కొత్తది చుట్టాడు, కొక్కెం మొనను బొటనవేలి గోటి మీద జారకుండా నిలబడేదాకా నూరాడు, రీలు ఎంత బిగువు దగ్గర దారం వదులుతుందో త్రాసు కట్టి లాగి చూశాడు, సీసపు తల ఎరకు ఎర్ర రబ్బరు కుచ్చు తొడిగాడు, ఈ నెలలో బురద రొయ్యలు ఎర్రగా ఉంటాయి, చేపకు తెలుసు ఆ సంగతి, అన్నీ అయ్యాక కొక్కేన్ని, కర్ర మీద దారం దూరే రింగుల్లో పిడి నుంచి మూడోదానికి తగిలించి దారం బిగించి ట్రక్కులో పెట్టాడు, ఎప్పుడూ, ఎవరి కర్రకైనా, అక్కడే తగిలిస్తాడు, మావిస్ గొణిగేది, పిడి దగ్గర దానికోసమే చిన్న కొక్కీ పెట్టారు కదా వెర్లిన్, రింగు లోపల పింగాణీ ఉంటుంది, చీలుతుంది అని, పదిసార్లు చెప్పింది, పదిసార్లూ అతను రింగుకే తగిలించాడు, చేపలు పట్టడం తను నేర్పితే నేర్చుకున్న మనిషి తనకు చెప్పడమేమిటి.

వెనక ఏదో వాసన, కమ్మగా, తిరిగి చూస్తే హోయిట్ అరటిపండు ఒలుస్తున్నాడు, పడవలో అరటిపండేమిట్రా, అది ఉంటే చేప పడదని తెలీదా దరిద్రుడా అన్నాడు వెర్లిన్ గొంతు పెంచకుండా, గొంతు పెంచితే చేప వింటుంది, హోయిట్ సగం పండు నోట్లో కుక్కుకుని, తినేస్తే పడవలో ఉండదుగా బావా, నా కడుపులో ఉంటుంది అన్నాడు, తొక్క నీళ్ళలో వేయబోతే వెర్లిన్ చూసిన చూపుకు జేబులో పెట్టుకున్నాడు, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇంతే, నియమమంటే నవ్వు, ఇదేమీ సరదా కాదు, పెద్ద చేప రోజు మొత్తం మీద ఒకే ఒక్కసారి పొరబడుతుంది, ఆ ఒక్క క్షణానికి మనిషి దగ్గర పొరపాటన్నది మిగిలి ఉండకూడదు, దారం, ముడి, కొక్కెం, చిక్కం, కాళ్ళ కింద తాళ్ళు చెత్తా లేకుండా పడవ అడుగు, అన్నీ ముందే చూసుకుని ఉండాలి, చేప పడ్డాక ఆలోచించేవాడికి చేప దక్కదు, ఆవేళ మావిస్‌కు ఇదే చెప్పాడు, ఇదే మలుపులో, ఇదే మోడు దగ్గర.

ఆవేళ కూడా గాలి ఇటునుంచే, మావిస్ ఇప్పుడు హోయిట్ కూర్చున్న చోటే నిలబడి ఉంది, తలకు అతని పాత టోపీ, చేతిలో ఈ కర్రే, అమ్మో అని చిన్నగా అంది, కర్ర విల్లులా వంగింది, మోడు ఇవతల నీళ్ళు పగిలి చేప గాల్లోకి లేచింది, పంది పిల్లంత ఉంది, పదమూడు పౌన్లకు తక్కువుంటే తన పేరు మార్చుకోవచ్చు, ఎడమ చెంప మీద సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, తల విదిలించింది, పడింది, అంతే, కర్ర నిటారుగా అయిపోయింది, నీటి మీద వలయాలు తప్ప ఏమీ లేదు, ఇందాకే కదా మోడుకు దారం ఒరుసుకుంది, మళ్ళీ ముడి కట్టమన్నానా లేదా అన్నాడు, కట్టాను అంది మావిస్, కట్టలేదు అన్నాడు, కట్టాను వెర్లిన్, కావాలంటే దారం కొస చూడు అంది, కర్ర అతని ముందుకు చాపింది, అతను కొస చూడలేదు, నీళ్ళకేసి చూస్తున్నాడు, అబద్ధాలాడకు అన్నాడు, ఆ కర్ర లాక్కుని తీసుకెళ్ళి షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు, మంచి కర్ర నీ చేతికి దండగ అన్నాడు, ఆ తర్వాత ఆమెకు ఓ పాత కర్ర ఇచ్చాడు.

ఎర దుకాణంలో ఈ కథ ప్రతి వసంతం చెప్పాడు, గోడ మీద పెద్ద చేపల ఫోటోలు చూపిస్తూ, ఇక్కడ మా ఆవిడ ఫోటో ఉండాల్సింది, ముడి కట్టడానికి బద్ధకించింది అని, కౌంటరు దగ్గర మగాళ్ళు నవ్వేవాళ్ళు, మావిస్ వానపాముల ఫ్రిజ్ పక్కన తీపి టీ సీసా పట్టుకుని నిలబడి పెదాలతో నవ్వేది, ఆ తర్వాత ఎప్పుడు చేపలకు వచ్చినా ఎర విసిరే ముందు ముడిని అతని కళ్ళ ముందుకు ఎత్తి చూపించేది, పలక దిద్ది పంతులుకు చూపించే పిల్లలా, మాట్లాడేది కాదు, అతను చూసి తల ఊపేదాకా విసిరేది కాదు, బుద్ధి వచ్చింది అనుకున్నాడు, చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా, గౌను నాడా ముడి వేసుకుని దాన్ని వేళ్ళతో ఎత్తి అతనికి చూపించింది, సరిగ్గా ఉందా అన్నట్టు, నర్సు నవ్వింది, వెర్లిన్ నవ్వలేదు, చచ్చేముందు కూడా ఒక్కసారి అవును కట్టలేదు అంటే సరిపోయేది, అనలేదు, మొండి మనిషి, ఇవాళ ఆ చేపను పట్టి ఆ గోడ మీదకు ఎక్కిస్తే తేలిపోతుంది, ముడి సరిగ్గా ఉంటే చేప వస్తుందని, అప్పుడు రాకపోవడం ఎవరి తప్పో.

బావా, తగులుకుంది అన్నాడు హోయిట్, తీరా చూస్తే మోడు, కర్ర అటూ ఇటూ ఊపి ఎర ఊడదీశాడు, మళ్ళీ విసరబోతుంటే వెర్లిన్ ఆగమన్నాడు, దారం ఒరుసుకుంది, కోసేసి మళ్ళీ కట్టు, ఇప్పుడే కదా కట్టింది అన్నాడు హోయిట్, కట్టరా అన్నాడు, హోయిట్ నిట్టూర్చి అరిగిన మూరెడు దారం కోశాడు, కట్టాడు, ఉమ్మితో తడిపాడు, బిగించాడు, నువ్వు చేపలు పట్టడానికి వస్తావా పరీక్షలు పెట్టడానికి వస్తావా బావా అన్నాడు, తర్వాత ముడిని అతని ముక్కు దాకా ఎత్తి, అక్క ఇలాగే చూపించేది కదూ, చూసుకోండి పంతులుగారూ అన్నాడు, వెర్లిన్ దారాన్ని అరచేతికి చుట్టుకుని ఎరను రెండో చేత్తో పట్టి తన బలమంతా పెట్టి లాగాడు, అరచేతిలో ఎర్రటి చార పడింది, ముడి కదల్లేదు, సరే అన్నాడు, దేవుడొచ్చి అడిగినా చెప్పగలడు, ఈ ముడి బాగుంది.

హోయిట్ విసిరాడు, ఎర వంతెన దిమ్మె అవతల చప్పుడు లేకుండా దిగింది, వీడికి విసరడం మాత్రం వచ్చు, అక్క పోలిక, దారం వదులుగా నీటి మీద పడుకుంది, పడుకున్నది పడుకున్నట్టే ఉండాలి, పక్కకు జరుగుతోంది, గాలికా, కాదు, గాలి ఇటు, దారం అటు, హోయిట్ కాఫీ కప్పు కోసం చెయ్యి చాపుతున్నాడు, చూడలేదు, కొట్టు, అన్నాడు వెర్లిన్, ఏంటి బావా, కర్ర ఎత్తి కొట్టరా, హోయిట్ కర్రను ఒక్కసారిగా పైకి గుంజాడు, కర్ర సగంలో ఆగిపోయింది, లోకం కొసకు తగులుకున్నట్టు, తర్వాత ఆ లోకం కదిలింది, రీలు కూసింది, నీళ్ళు పగిలాయి, అది పైకి లేచింది, నోరు బకెట్టంత తెరిచి, తల విదిలిస్తూ, ఎడమ చెంప మీద నల్లటి మచ్చ, అదే, అదే, మోడు వైపు తిప్పుతోంది, వీడు తిప్పనిస్తున్నాడు, ఒరే కర్ర కిందికి వంచు, పక్కకు లాగు, హోయిట్ లాగుతున్నానుగా అంటున్నాడు, చాలదు, పోతుంది, మళ్ళీ పోతుంది, ఇంకోసారి పోతే ఇంక తన ఆయుష్షులో రాదు, ఎప్పుడు లేచాడో తెలియదు, రెండంగల్లో వెనక్కు వచ్చి హోయిట్ చేతుల్లోంచి కర్ర లాక్కున్నాడు, బావా, ఏంటిది, ఇచ్చెయ్, అన్నాడు హోయిట్, ఈ నీళ్ళ మీద ఎంత నీచుడైనా ఇంకొకడి చేపమీద చెయ్యి వెయ్యడు, తెలుసు, తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడు బరువంతా తన మోచేతుల్లో ఉంది, చేప మోడు దగ్గర ఆగింది, ఆగి, ఆలోచించి, మెల్లగా ఇటు తిరిగింది, వస్తోంది, చిక్కం తియ్యరా అన్నాడు, నా తల్లీ రా, రా, అన్నాడు, ఎన్నేళ్ళయిందో ఎవరితోనైనా అంత మెత్తగా మాట్లాడి, తెల్లటి పొట్ట పడవ కింద మెరిసింది, ఒక్క విదిలింపు విదిలించింది, టప్‌మని చిన్న చప్పుడు, కర్ర తేలికైపోయింది.

నీటి మీద వలయాలు, హోయిట్ చిక్కం పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, వెర్లిన్ నాలుక చివరకు ఆ మాట వచ్చేసింది, ముడి, అని, నాలుగేళ్ళుగా అరిగిన మాట, వచ్చి అక్కడే ఆగింది, ఎవరితో అనాలి, కట్టిన ముడిని తనే లాగి చూశాడు, అరచేతిలో చార ఇంకా మండుతోంది, దారం తను చుట్టింది, బిగువు తను పెట్టింది, కర్ర తన చేతుల్లో ఉంది, అరటిపండు వల్లే అనుకుందామనుకున్నాడు, అనుకోలేకపోయాడు, హోయిట్ తిడతాడని చూశాడు, తిట్టలేదు, మెల్లగా కూర్చుని, అక్క చేతిలో కూడా ఇలాగే పోయిందా బావా అన్నాడు.

దారం కొస చూడు, అంది మావిస్.

చూశాడు, ముడి జారి ఊడితే కొస పంది తోకలా మెలి తిరిగి ఉంటుంది, మోడుకు ఒరుసుకుని తెగితే నూలులా పీచు లేచి నీళ్ళలో వేలాడుతుంది, ఇక్కడ కర్ర కొసనుంచి ఏమీ వేలాడటం లేదు, పై రింగులన్నీ ఖాళీగా ఉన్నాయి, దారం మూడో రింగు దాకా వచ్చి ఆగిపోయి ఉంది, కొస నున్నగా, తిన్నగా, బ్లేడుతో కోసినట్టు, వెర్లిన్ సామాను పెట్టె తెరిచాడు, ఏం కావాలి బావా అంటున్నాడు హోయిట్, అడుగున మావిస్ పాత పల్చటి మేజోడు ముక్క ఉంది, పొద్దున చేతికి తగిలితే తను పక్కకు నెట్టిన ముక్కే, ఏటా వసంతానికి ముందు మావిస్ దీన్ని రింగుల్లోంచి ఒక్కొక్కటిగా లాగుతూ కూర్చునేది, ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు, ఈ కర్రను మాత్రం ఆవేళ తర్వాత ముట్టుకోనివ్వలేదు తను, పిడి పక్క రింగులోంచి లాగాడు, జారింది, రెండోదాన్లోంచి లాగాడు, జారింది, మూడోదాన్లో ముక్క పట్టుకుంది, మెల్లగా వెనక్కు తీసి మళ్ళీ లాగాడు, మళ్ళీ అక్కడే పట్టుకుంది, ఒక పోగు లేచి పింగాణీ అంచుకు చిక్కుకుని గాలికి ఊగింది, కంటికి ఆనని పగులు, వెంట్రుకంత, కర్ర అప్పటినుంచీ గోడకే ఉంది, ఇది ఆవేళ్టి పగులే, సరిగ్గా కొక్కెం తగిలించే చోట, తను తగిలించే చోట.

హోయిట్ దగ్గరకు వచ్చి వంగి చూశాడు, వాడికీ తెలుసు రింగుకు ఎర తగిలించేది ఎవరో, కర్ర కిందపెట్టు బావా, పోదాం అన్నాడు, వెర్లిన్ పెట్టలేదు, కట్టిందిరా అన్నాడు, ఏది బావా, ముడి, మీ అక్క కట్టింది, అన్నాడు, హోయిట్ తల తిప్పుకుని, కట్టానని చెప్పిందిగా నీకు, అన్నాడు, ఎండ పైన్ చెట్ల మీదకు వచ్చింది, వలయాలు గట్టు దాకా పోయి మాయమయ్యాయి, ఆ దుకాణం గోడ, ఆ నవ్విన మగాళ్ళు, ఫ్రిజ్ పక్కన తీపి టీ సీసా, ఎత్తి పట్టుకున్న గౌను నాడా, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్ళాయి, ఒక్కటి మాత్రం వెళ్ళలేదు, మావిస్ ముడి కట్టింది, ఇక్కడే నిలబడి, అరిగిన దారం కోసేసి, ఉమ్మితో తడిపి, మెల్లగా లాగి, తను చెప్పినట్టే కట్టింది.