మొదటి నీళ్లు

నీళ్లు పరీక్షించే ఆఫీసరు పొద్దున్నే కంపెనీ క్వార్టర్సుకి వస్తూనే కుళాయి విప్పి వదిలేశాడు. చుక్క నీరు వృథా చేస్తే జరిమానా అని గోడమీద బోర్డు. దాని కిందే ధార కాలవలోకి పోతోంది. ఆయన తాపీగా టీ తాగి, మేనేజరుతో నాలుగు జోకులేసి, అప్పుడు బాటిల్ పట్టాడు. "బంగారంలాంటి నీళ్లు" అని తేల్చేశాడు.

మిల్లులో కుట్టుమిషను తొక్కే బక్కమ్మ గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆమె కొడుకు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. వచ్చిన మాటలు కూడా మరిచిపోతున్నాడు. రక్తంలో సీసం ఉందని నర్సు చెప్పిననాడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. చంటిపిల్ల ఇంకా ఆ నీళ్లే తాగుతోంది.

సెలవునాడు మిల్లు షెడ్డు వెనక క్వార్టర్సువాళ్లంతా మీటింగు పెట్టారు. నర్సు డ్యూటీ బట్టలతోనే వచ్చింది.

"ఇవన్నీ పాత సీసం గొట్టాలు. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్లలోకే విషం ఎక్కువ దిగుతుంది. పొద్దున్నే మొదట వచ్చేవి అవే. ఆ పెద్దమనిషి వాటిని పోనిచ్చి తర్వాత పట్టాడు. తెలిసే చేశాడు."

"మొదటి నీళ్లా?" అంది బక్కమ్మ. "అందరికంటే ముందు లేచి నేను అవే పట్టేదాన్ని. ఎవరి చెయ్యీ పడని నీళ్లని. పిల్లాడి పాలలోకి."

ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. వాళ్లూ అంతే చేశారు మరి.

మిల్లులో మగ్గాలు చూసే మగ్గం మామ గొంతు సవరించుకున్నాడు. "పొట్టేలు కొండని ఢీకొంటే తల పగిలేది ఎవరికి? క్వార్టర్సు ఖాళీ చేయిస్తారు."

"ఉన్న గూడు పోతే ఎక్కడికి పోతామే?" అంది బక్కమ్మ అత్త.

"గూడొక్కటే మిగిలితే చాలా అత్తా? లోపల పిల్లలు మిగలొద్దా?"



మర్నాడు ఒక్కరూ షిఫ్టుకి వెళ్లలేదు. మిషన్లు ఆగితే గానీ కంపెనీకి చెవులు పనిచెయ్యవు. వీళ్ల నోళ్లు మూయించడానికి ఇంకోసారి పరీక్షకి ఒప్పుకున్నారు.

పరీక్షనాటి తెల్లవారుజామున ఆఫీసరు వెంట పోలీసులు కూడా దిగారు. బక్కమ్మ కుళాయిని గుప్పిట్లో బిగించి నిలబడింది.

"బాటిల్ కింద పెట్టండి సార్. అప్పుడు విప్పుతాను."

"ముందు కాసేపు వదలాలమ్మా. రూలు."

"ఆ రూలు మాకెందుకు చెప్పలేదు?"

ఆఫీసరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కళ్లతో సైగ చేశాడు. పోలీసులు ఆమె వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశారు. ఆమెకు నొప్పి తెలియలేదు. ఈడ్చుకుపోతుంటే నడిచింది, అంతే.

ఆమె చెయ్యి వదిలిన కుళాయి మీద అత్త చెయ్యి పడింది.

"బాటిల్ పెట్టు నాయనా. మొదటి చుక్క నుంచి పట్టు."

ఆఫీసరు విసుక్కుని పక్కింటికి వెళ్లాడు. అక్కడ కుళాయి పట్టుకుని మగ్గం మామ ఉన్నాడు. ఆయనా వదల్లేదు. ఆ తర్వాతి ఇంట్లో ఇంకొకరు. వరస వరసంతా అంతే.

బక్కమ్మని ఎక్కించాక పోలీసు వ్యాను తలుపు పడింది. మిల్లు సైరన్ కూసింది. బక్కమ్మ వ్యాను జాలీలోంచి మిల్లు గేటువైపు చూసింది. గేటు బార్లా తెరిచి ఉంది, లోపలికి ఒక్కరూ నడవడం లేదు.