ఎవరి కొలతకి కుడుతున్నాం

ఇస్త్రీ అక్కను జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళడం మేమంతా చూశాం. దూరం నుంచి కాదు, ఆమె పక్కనే కూర్చుని చూశాం.

ప్రధాని సభకు మా కుట్టు ఫ్యాక్టరీ వాళ్ళందరినీ లారీల్లో తోలుకెళ్ళారు. రాకపోతే రేపటి నుంచి పనికీ రానక్కర్లేదన్నారు. ఎండలో నేలమీద కూర్చోబెట్టి చేతికో జెండా ఇచ్చారు. ఆయన మాత్రం నీడలో, ఫ్యాను గాలికి నిలబడి, సముద్రం అవతలి దేశంలో మన సైన్యం సాధిస్తున్న విజయాల గురించి చెబుతున్నాడు. మనవైపు ప్రాణనష్టం లేనట్టేనట. ఇంకొక్క దెబ్బతో శత్రువు కాళ్ళబేరానికి వస్తాడట. ఈ ఇంకొక్క దెబ్బ గురించి ఏడాదిగా వింటున్నాం.

అప్పుడు ఇస్త్రీ అక్క లేచింది. సైనికుల చొక్కాలు ఇస్త్రీ చేసీ చేసీ ఆమె ముంజేతులు కమిలిపోయి ఉంటాయి. ఒక్కడే కొడుకు. పద్దెనిమిది నిండగానే వాణ్ణి ఆ యుద్ధానికే తీసుకెళ్ళారు. వానాకాలం నుంచి కబురు లేదు.

"అయ్యా, ఆ దేశం వాళ్ళు మనల్నేం చేశారు? మావాడు ఎలా ఉన్నాడో ఒక్క మాట చెప్పించండి," అంది.

అంతకుమించి ఏమీ అనలేదు. పోలీసులు ఆమె మీద పడ్డారు. అడ్డం వెళ్ళిన వాళ్ళను లాఠీలతో నెట్టేశారు. ప్రధాని ఉపన్యాసం ఆపి మంచినీళ్ళు తాగాడు. ఆమె కేకలు గేటు దాటాక మూతి తుడుచుకుని, "తల్లుల ప్రేమను కూడా శత్రువులు వాడుకుంటున్నారు," అన్నాడు. ముందు వరసల్లోని పార్టీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా వరసల్లో జెండాలు ఒళ్ళోనే ఉండిపోయాయి.

అక్కను స్టేషన్లో కొట్టి వదిలారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర యజమాని ఆపేశాడు. దేశద్రోహికి తన దగ్గర పని లేదన్నాడు.

మధ్యాహ్నం తిండి దగ్గర గొడవ మొదలైంది.

"అక్కని తీసుకునేదాకా మిషన్లు ఆపుదాం," అన్నాను.

కటింగ్ బాబాయ్ విసుక్కున్నాడు. గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరే ఆయన తల నెరిసింది. ఆయన మాటంటే షెడ్డులో అందరికీ గురి. "ఈ యుద్ధం వచ్చాకేనమ్మా మనకి చేతినిండా పని. అది ఆగితే మన పొయ్యి ఆరినట్టే."

"అంటే ఎవరి పిల్లలో చస్తేగానీ మన పిల్లలు తినకూడదా?" అంది పొట్టి. జేబులు కుట్టే పిల్ల. ఎప్పుడూ నవ్వించేదే, ఆరోజు నవ్వలేదు.

"నేనట్లా అన్నానా? చచ్చేది మనవాళ్ళేనని నాకు తెలీదా? ఆ పెద్దమనిషి కొడుకులు తుపాకీ పట్టరు, మన యజమాని అల్లుడు అసలే పట్టడు. తెలిసి మాత్రం ఏం చేస్తాం? రాజ్యం వాళ్ళది."

గంట కొడితే లేచి వెళ్ళి మిషన్ల ముందు కూర్చున్నాం.

తర్వాత వారం కొత్త సరుకు దిగింది. మందపాటి నల్లగుడ్డ, లోపలివైపు ప్లాస్టిక్ పూత. సంచులు కుట్టాలన్నారు. పొడవుగా, పైనుంచి కిందిదాకా జిప్పు, అటూ ఇటూ పట్టుకోవడానికి పట్టీలు. యుద్ధంలో సామాన్లు మోసుకెళ్ళే సంచులని చెప్పాడు సూపర్‌వైజరు. చొక్కాలన్నీ పక్కన పెట్టించి షెడ్డు మొత్తాన్ని వాటి మీదే కూర్చోబెట్టాడు.

పొట్టికి అనుమానమొచ్చింది. "ఏం సామానో ఇంత పొడుగుంది, చూద్దాం," అంటూ కుట్టిన సంచిని నేలమీద పరిచి అందులో పడుకుంది. పక్కనున్న పిల్ల నవ్వుతూ జిప్పు లాగింది. పాదాలు కనబడకుండా పోయాయి. నడుము పోయింది. మెడ దగ్గరికి వచ్చేసరికి జిప్పు లాగుతున్న చెయ్యి ఆగిపోయింది.

మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి.

పొట్టి లోపల్నుంచి చిన్నగా అంది: "తియ్యవే. ఊపిరాడట్లేదు."

బయటికొచ్చి మా భుజాలు పట్టుకుని నిలబడింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటీ నాటకాలు? కూర్చోండి."

"నష్టం లేదన్నాడుగా సారూ, మరి ఇవెవరికి?" అన్నాను.

అతను నా కళ్ళలోకి చూడలేదు. "నాకేం తెలుసమ్మా, ఆర్డరొచ్చింది."

కటింగ్ బాబాయ్ బల్ల దగ్గర్నుంచి నడిచొచ్చి ఆ సంచిని చేత్తో తడిమాడు. "నా చిన్నోడికి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయి. వాడి కొలతకి నేనే కత్తిరిస్తున్నానా?" అన్నాడు. వెనక్కెళ్ళి కటింగ్ మిషను స్విచ్చి ఆపేశాడు. బల్ల పైకెక్కి షెడ్డు ఫ్యూజు కూడా పీకి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం గేటు బయట మీటింగు పెట్టుకున్నాం. ఇస్త్రీ అక్క వచ్చింది. వీధి చివర కాలేజీ విద్యార్థులూ వచ్చారు. వాళ్ళలో ఒకడు యుద్ధం వెనకున్న చమురు కంపెనీల గురించి చాలాసేపు చెప్పాడు. "అదంతా నిజమే నాయనా, ముందు ఈ సంచిని జనానికి చూపించాలి. అదెలాగో చెప్పు," అంది అక్క. మర్నాడు దారి యజమానే చూపించాడు. దేశభక్త కార్మికులను అభినందించడానికి ప్రధాని మా ఫ్యాక్టరీకే వస్తున్నాడట. సంచులన్నీ గోడౌనులో దాచి, చొక్కాలు కుడుతూ కనబడాలని హుకుం. టీవీ వాళ్ళొచ్చి లైవులో చూపిస్తారట.

"ఫ్యూజు పెట్టేస్తా. బుద్ధిగా కూర్చుందాం, ఆయన వచ్చేదాకా," అన్నాడు బాబాయ్.

ప్రధాని వచ్చాడు. వెనకాల యజమాని, మంత్రులు, కెమెరాలు. షెడ్డు మధ్యకు రాగానే బాబాయ్ కరెంటు కట్టేశాడు. మేమంతా లేచాం. గోడౌను తలుపులు తెరిచి సంచులు తెచ్చి ఆయన ముందు నేలంతా పరిచాం. అడుగు వెయ్యాలంటే వాటిని తొక్కాలి. వెనక గేటు నుంచి విద్యార్థులు అక్కను లోపలికి తీసుకొచ్చారు.

"నష్టం లేదన్నారు కదయ్యా," అంది అక్క. "ఇన్నెందుకు కుట్టిస్తున్నారు?"

ఆయన నవ్వబోయాడు. "చూడమ్మా, దేశం కోసం..."

"దేశం మేమే. మాకోసమైతే వద్దు, ఆపెయ్. మావాళ్ళని ఇంటికి పంపు."

"కెమెరాలు ఆపించండి," అన్నాడాయన పక్కవాళ్ళతో. ఆ మాట కూడా దేశమంతా విన్నది.

లాఠీలు లేచాయి. బాబాయ్ తల పగిలింది. దొరికినవాళ్ళను దొరికినట్టు వ్యానుల్లో పడేశారు. లాకప్పు బయట ఇన్‌స్పెక్టరు అక్క ఎదుట కుర్చీ వేసుకుని, ఇదంతా తప్పని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టనంది. అతనికి ఒళ్ళు మండింది.

"ఎవరికోసమే ఈ గోల? నీ కొడుకు వానాకాలంలోనే పోయాడు. పైవాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు. పో, ఏడ్చుకో."

అక్క గోడకు ఆనుకుని కూలబడింది. పొట్టి ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. అక్క మెల్లగా లేచి కటకటాల దగ్గరికి వెళ్ళింది. "ఇంకెంతమంది తల్లులకి చెప్పలేదు?" అని అడిగింది. ఇన్‌స్పెక్టరు లేచి వెళ్ళిపోయాడు.

పొద్దున కోర్టుకు తీసుకెళ్ళారు. రోడ్డు నిండా జనం. చెప్పుల ఫ్యాక్టరీ వాళ్ళు, బస్సు కండక్టర్లు, ఆసుపత్రి నర్సులు, విద్యార్థులు. అక్క వ్యాను కిటికీ ఊచలు పట్టుకుని గట్టిగా చెప్పింది:

"నా కొడుకు చచ్చిపోయాడు. నెలల కిందటే. తెలిసీ దాచారు. మీ పిల్లల సంగతి మీరూ అడగండి."

జనంలో ఎక్కడో ఒక ఆడమనిషి గొంతు: "మావాడి సంగతేంటి?" ఆ వెనకే ఇంకొకటి: "మా అన్న?" అక్కణ్ణుంచి ఎవరి గొంతు ఏదో తెలియలేదు. జనం కోర్టును వదిలి ప్రధాని ఇంటి రోడ్డుకు మళ్ళారు. లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు కిందపడి లేచి మళ్ళీ నడిచారు.

మా వ్యాను ఆ జనం మధ్య ఇరుక్కుపోయింది. "పోనీ, గుద్దుకుంటూ పోనీ," అని ఇన్‌స్పెక్టరు డ్రైవరు మీద అరిచాడు.

పోలీసు డ్రైవరు ఇంజిను ఆపేశాడు. తాళం తీసి ముందున్న జనంలోకి విసిరేశాడు.

"మా తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు సార్," అన్నాడు.